దోమ కడుపులో దొరికిన నిజం
(సర్ రొనాల్డ్ రాస్ జీవిత విశేషాలు)

కల్లూరు నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా సాగినా, కొత్తగూడెం దారిలో భద్రాచలం వైపు మళ్ళినా కాసేపటికే అడవి గాలి తగులుతుంది. ఈ అడవి అంచున బ్రతికిన మన పెద్దలకు ఒక జ్వరం బాగా తెలుసు. ముందు వణుకు. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని చలి. తర్వాత ఒళ్ళు కాలిపోయే వేడి, ఆ పిమ్మట చెమటలు. రోగి లేచి కూర్చుని గంజి తాగుతాడు, ఇక తగ్గిందనుకుంటాడు. రోజు విడిచి రోజు అదే వేళకు మళ్ళీ చలి ముంచుకొస్తుంది. దాన్ని చలిజ్వరమన్నారు, మన్యం జ్వరమన్నారు. తునికాకు కోతకో, వెదురు నరకడానికో లోపలికి వెళ్ళినవారు తిరిగొచ్చి మంచం పడితే, అక్కడి నీళ్ళు పడలేదని చెప్పుకునేవారు. ఏజెన్సీకి బదిలీ అయిందంటే ఉద్యోగులకు గుండె జారిపోయేది.

నీళ్ళు పడలేదన్న ఆ మాటను చదువురానివారి మాటగా కొట్టిపారేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. దాదాపు 130 ఏళ్ళ క్రితం లండన్ మహానగరంలోని పేరుమోసిన వైద్యులు కూడా ఇంచుమించు అదే అనేవారు. కొందరు గాలి అన్నారు, కొందరు నీరు అన్నారు, కొందరు చిత్తడి నేల నుంచి లేచే ఆవిరి అన్నారు. మలేరియా అన్న పేరుకే ఇటలీ భాషలో చెడ్డ గాలి అని అర్థం. ఆ చెడ్డ గాలి గుట్టు రట్టయిన చోటు మనకు ఎంతో దూరం లేదు. కల్లూరులో పొద్దున బస్సెక్కితే సాయంత్రం లోపు చేరుకోగలిగిన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన అది బయటపడింది. బయటపెట్టిన వ్యక్తి రొనాల్డ్ రాస్. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించడానికి కారణం ఆయనే.

ఆ ఆవిష్కరణ గురించి పాఠ్య పుస్తకాల్లో నాలుగు వాక్యాలు ఉంటాయి. ఆవిష్కరణ జరిగిన రోజు నుంచి 35 ఏళ్ళపాటు దాని చుట్టూ నడిచిన తగాదా గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసింది ఆ రెండవ భాగమే.

మనసు లేని వైద్యుడు

1857 మే 10న మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు రగిలింది. మూడు రోజుల తర్వాత, మే 13న, హిమాలయాల దిగువన అల్మోరాలో రాస్ జన్మించాడు. తండ్రి ఆంగ్ల ప్రభుత్వ సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రొనాల్డే పెద్దవాడు. ఎనిమిదేళ్ళ వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. ఆ కుర్రవాడికి బొమ్మలు గీయడం ఇష్టం, కవిత్వం ఇష్టం, సంగీతం ఇష్టం, లెక్కలంటే మరీ ఇష్టం. ఒక్క వైద్యమే ఇష్టం లేదు. కొడుకు భారతదేశంలో సైనిక వైద్యుడు కావాలన్నది తండ్రి కోరిక. చివరికి తండ్రి మాటే నెగ్గింది. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరాడు గాని చదువు మీద మనసు నిలపలేదు. ఒక పరీక్ష తప్పాడు. కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేశాడు. మళ్ళీ పరీక్ష రాసి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించాడు.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్. తర్వాతి పదేళ్ళు ఇలా ఊళ్ళు మారుతూ గడిచాయి. పటాలం వైద్యుడికి పొద్దున రెండు గంటల పని, ఆ తర్వాత రోజంతా ఖాళీ. ఆ ఖాళీలో ఆయన గణితం తనకు తానే నేర్చుకున్నాడు, నవలలు రాశాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు తన బంగళాలో దోమల బాధ ఎక్కువై వెతికితే, దగ్గరలోనే ఉన్న నీళ్ళ తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. తొట్టి ఒలకబోయించాడు, దోమలు తగ్గాయి. అప్పట్లో అది కేవలం నిద్ర కోసం చేసిన పని.

1888లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశాడు, సూక్ష్మక్రిముల శాస్త్రం నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది వివాహమైంది. తిరిగొచ్చాక మలేరియా మీద ఆసక్తి పుట్టింది. అయితే మొదట ఆయన పట్టిన దారి తప్పుదారి.

ఇక్కడ మరొకరి పేరు చెప్పుకోవాలి. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ నగరంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ ఒక రోగి రక్తంలో కదులుతున్న జీవిని చూశాడు. మలేరియాకు కారణం గాలీ కాదు, నీరూ కాదు, రక్తంలో ఉండే ఒక సూక్ష్మ పరాన్నజీవి అని ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. నమ్మనివారిలో రాస్ ఒకడు! రక్తాన్ని ఎన్నిసార్లు చూసినా తనకు ఆ జీవి కనిపించలేదు కనుక అది లేదనుకున్నాడు. జ్వరం పేగుల్లో పుడుతుందని వాదిస్తూ వ్యాసాలు కూడా రాశాడు. 1894లో సెలవుపై లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద ఆ జీవిని చూపించాడు. చూసిన క్షణం నుంచి రాస్ వాదన మానేశాడు. మనిషి కళ్ళతో చూసిన నిజాన్ని ఒప్పుకోవడం సులభమేనని అనుకుంటాం గాని, అచ్చులో తన పేరుతో వెలువడిన అభిప్రాయాన్ని వదులుకోగలిగేవారు ఎంతమంది?

మాన్సన్ అప్పటికే చైనాలో పనిచేసి, బోదకాలు క్రిమి దోమలోకి వెళ్ళి అక్కడ పెరుగుతుందని 1877లో కనుగొన్నవాడు. మలేరియా క్రిమికి కూడా దోమే రెండవ ఇల్లయి ఉండాలని ఊహించాడు. ఆ ఊహలో సగమే నిజం. దోమ మలేరియా రోగి రక్తం తాగుతుంది, నీటిపై గుడ్లు పెట్టి చనిపోతుంది, ఆ నీటిని తాగినవారికి జ్వరం వస్తుంది అన్నది ఆయన లెక్క. చూశారా, మన్యం నీళ్ళు ఇక్కడా వచ్చాయి.

బేగంపేటలో రెండు వేసవులు

1895లో రాస్ సికింద్రాబాద్ వచ్చి బేగంపేటలోని మద్రాసు పటాలం వైద్యుడిగా చేరాడు. గురువు చెప్పిన ఊహను పరీక్షించడం మొదలుపెట్టాడు. దోమతెరలో రోగిని పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలి, అవి రక్తం తాగాక పట్టుకుని కోసి చూసేవాడు. ఈ పనికి మొదట ఒప్పుకున్న రోగి పేరు అబ్దుల్ ఖాదిర్. దోమలు చచ్చిన నీళ్ళను కొందరికి డబ్బు ఇచ్చి తాగించి కూడా చూశాడు. ఒకరికి జ్వరం తగిలింది, మిగతావారికి ఏమీ కాలేదు. ఈనాడైతే ఇలాంటి పరీక్షను ఏ ఆసుపత్రీ అనుమతించదు. ఆనాడు అడిగేవారు లేరు. జ్వరం వచ్చినా రాకపోయినా తాగినవాడు బీదవాడు, తాగించినవాడు దొర.

అంతలో కలరా పని మీద బెంగుళూరుకు పంపించారు. దాదాపు రెండేళ్ళు పోయాయి. 1897లో నీలగిరుల దగ్గర తిరుగుతూ ఆయనకే మలేరియా సోకింది. ఆ జూన్‌లో తిరిగి సికింద్రాబాద్ చేరాడు.

ఇక మొదలైంది అసలు పని. ఆ ఏడాది ఎండ భయంకరంగా ఉంది. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపించేశాడు. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, అద్దం పగిలింది. వందల దోమలను కోశాడు. ఏమీ లేదు. కారణం ఆయనకు తెలియదు. ఇళ్ళలో సులభంగా దొరికే బూడిద రంగు దోమలను, చారల దోమలను ఆయన ఇంతకాలం పరీక్షిస్తున్నాడు. మలేరియాను మోసేది అవి కావు, అనాఫిలిస్ అనే వేరే జాతి. అది గోడ మీద వాలినప్పుడు ఒళ్ళు వంచదు, తోకభాగం పైకెత్తి ఏటవాలుగా నిలుస్తుంది. రెక్కల మీద మచ్చలుంటాయి. రాస్‌కు దోమల జాతుల శాస్త్రం రాదు, ఆ పుస్తకాలూ దగ్గర లేవు.

ఆగస్టు నడిమిలో ఆయన సహాయకులు తెచ్చిన దోమ పిల్లల నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలు కొన్ని పుట్టాయి. తోక పైకెత్తి గోడ మీద వాలిన అలాంటి దోమను ఆసుపత్రి సహాయకుడు ఒకతను వేలు పెట్టి చూపించాడు. ఆ సహాయకుని పేరు మరచిపోయినందుకు చింతిస్తున్నట్టు రాస్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. మరచిపోయానని ఒప్పుకోవడం మంచిదే. కాని ఆ పుస్తకంలో రాస్ తనకు జరిగిన అన్యాయాలు వేటినీ మరచిపోలేదు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని పిలిచారు. అతని రక్తంలో నెలవంక ఆకారంలో ఉన్న మలేరియా రూపాలు పుష్కలంగా ఉన్నాయి. దోమకు ఒక అణా చొప్పున ఒప్పందం. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. తర్వాత రోజుల్లో ఒక్కొక్క దోమనూ కోస్తూ వచ్చాడు. 20వ తేదీ మధ్యాహ్నం, కొద్ది దోమలే మిగిలి ఉండగా, ఒకదాని కడుపు గోడలో గుండ్రని కణం కనిపించింది. దానిలో నల్లటి రేణువులున్నాయి. ఆ నల్లరంగు మలేరియా క్రిమి గుర్తు. దోమ కణాలలో అది ఉండదు. మరునాడు మరో దోమను కోస్తే కణాలు అలాగే ఉన్నాయి, పైగా పెద్దవయ్యాయి. అంటే లోపల ఏదో పెరుగుతోంది.

ఆ రాత్రులలోనే ఆయన భార్యకు పంపిన ఒక పద్యంలో దైవానికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. దయగల ప్రభువు ఈ రహస్యాన్ని తన చేతిలో ఉంచాడన్నది దాని సారం. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు జరిగినదాన్ని చదివేటప్పుడు ఈ పద్యాన్ని గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాం.

పక్షులు చెప్పిన సాక్ష్యం

ఈ ఫలితం 1897 డిసెంబరులో లండన్ వైద్య పత్రికలో వెలువడింది. అప్పటికే ప్రభుత్వం ఆయనను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులే లేరు! నెలల తరబడి మొరపెట్టుకోగా, లండన్ నుంచి మాన్సన్ కూడా ఒత్తిడి తేగా, 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి వచ్చింది.

కలకత్తాలో మరో ఇబ్బంది ఎదురైంది. అప్పుడు నగరమంతా ప్లేగు భయం. ప్లేగు టీకాల గురించి వదంతులు వ్యాపించి, సూది పట్టుకున్న డాక్టరును చూస్తే జనం పారిపోతున్నారు. వేలి నుంచి చుక్క రక్తం ఇచ్చేవారు లేరు. ప్రజలను మూఢులని నిందించడం తేలిక. కాని అంతకు ముందే బొంబాయిలో, పూనాలో ప్లేగు పేరుతో సైనికులు ఇళ్ళలో జొరబడిన తీరు వారు విన్నారు. పాలకుడి మీద నమ్మకం లేనిచోట పాలకుడి మందు మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

మనుషులు దొరకక రాస్ పక్షుల వైపు తిరిగాడు. పిచ్చుకలకూ ఒక రకం మలేరియా వస్తుంది. ముహమ్మద్ బఖ్ష్ అనే సహాయకుడు దోమలను, పిట్టలను పట్టి తెచ్చేవాడు. జబ్బు పిట్టను కుట్టిన దోమలను రోజుకొకటి చొప్పున కోస్తూ పోగా, కడుపు గోడలోని కణం బుగ్గలా ఉబ్బి పగిలి, దారపు పోగుల్లాంటి వేలాది సూక్ష్మరూపాలు దోమ ఒళ్ళంతా పాకడం కనిపించింది. అవి ఎక్కడికి వెళుతున్నాయి? 1898 జూలై మొదటి వారంలో జవాబు దొరికింది. దోమ తలకు దగ్గరగా ఉన్న లాలాజల గ్రంథిలోకి! అంటే దోమ కుట్టినప్పుడు సూదిలో మందులా ఆ రూపాలు శరీరంలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పిట్టలను ఆ దోమల చేత కుట్టించాడు, వాటికి జబ్బు వచ్చింది. గాలి కథ ముగిసింది, నీటి కథా ముగిసింది. ఆ నెలలోనే ఎడింబరో నగరంలో జరిగిన వైద్యుల మహాసభలో మాన్సన్ ఈ వార్త వినిపించాడు.

మిగిలింది ఒక్క మెట్టు. పిట్టల్లో జరిగింది మనుషుల్లోనూ జరుగుతుందని చూపాలి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఆయనను కాలా ఆజార్ జబ్బు పరిశీలనకు అస్సాం పంపించింది. ఆ కొద్ది నెలల్లో రోమ్ నగరంలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియానెల్లి అనే ముగ్గురు ఆ చివరి మెట్టు ఎక్కేశారు. మనుషుల మలేరియా అనాఫిలిస్ దోమలోనే పెరుగుతుందని, అది కుట్టిన మనిషికి జ్వరం వస్తుందని 1898 చివరలో నిరూపించారు.

ఎవరిది?

ఇక అక్కడి నుంచి యుద్ధమే. తన పనిని దొంగిలించారని రాస్ ఆరోపించాడు. రాస్ చూసింది పిట్టల జబ్బు మాత్రమేనని, సికింద్రాబాద్‌లో కోసిన దోమ ఏ జాతిదో కూడా ఆయన చెప్పలేకపోయాడని గ్రాసీ ఎదురుతిరిగాడు. పత్రికల్లో వ్యాసాలు, కరపత్రాలు, బహిరంగ లేఖలు. రెండు దేశాల గౌరవం మధ్యలో వచ్చిపడింది. జర్మనీ పండితుడు రాబర్ట్ కోచ్ రాస్ పక్షం వహించాడు. 1902లో వైద్యానికి నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే దక్కింది. ఆ బహుమతి పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు ఆయనే. గ్రాసీకి ఎన్నడూ దక్కలేదు.

న్యాయంగా చూస్తే ఎవరి వాదనలో ఎంత బలముంది? మా దృష్టిలో తలుపు తెరిచినవాడు రాసే. దోమ శరీరంలో ఆ క్రిమి ఏ దారిన పోతుందో మొదట చూసింది ఆయన కళ్ళే. అయితే దోమ జాతిని తేల్చింది, మనిషికి సంబంధించిన రుజువు పూర్తిచేసింది రోమ్ వారు. ఒకరి పని లేకుండా మరొకరిది పూర్తి కాదు. లావెరాన్ చూడకపోతే మాన్సన్ ఊహించడు, మాన్సన్ ఊహించకపోతే రాస్ వెతకడు. ఈ మాట ఇద్దరిలో ఏ ఒక్కరు నిండు మనసుతో ఒప్పుకున్నా తగాదా నాడే తీరిపోయేది. గ్రాసీ 1925లో కన్నుమూశాడు. అప్పటికీ తీరలేదు. చేయి పట్టి నడిపించిన మాన్సన్‌తో కూడా రాస్‌కు చివరికి చెడింది.

ఆ పండితుల రభస సాగుతుండగానే సామాన్య జనానికి నిజం చూపడానికి 1900లో ఒక పని జరిగింది. రోమ్‌లో రోగులను కుట్టిన దోమలను లండన్‌కు తెప్పించారు. మాన్సన్ సొంత కుమారుడు వాటి చేత కుట్టించుకున్నాడు. ఎన్నడూ మలేరియా సోకని ఆ యువకుడికి లండన్‌లో కూర్చుని ఉండగా చలిజ్వరం వచ్చింది, క్వినైన్‌తో నయమైంది. అదే కాలంలో రోమ్ దగ్గరి చిత్తడి నేలలో కొందరు వైద్యులు కిటికీలకు జాలీలు బిగించిన గుడిసెలో నెలల తరబడి నివసించారు. ఆ గాలే పీల్చారు. ఒక్కరికీ జ్వరం రాలేదు. వంద వ్యాసాలు చేయలేని పనిని ఆ జాలీ గుడిసె చేసింది.

అసలు వివాదం

పేరు కోసం జరిగిన తగాదాకు వచ్చినంత ప్రచారం మరో వివాదానికి రాలేదు. మన వంటి ప్రాంతాలకు కావలసింది ఆ రెండవదే. కారణం తెలిసింది, సరే. ఇప్పుడేం చేయాలి?

1899లో ఉద్యోగం వదిలి లివర్‌పూల్‌లో అధ్యాపకుడిగా చేరిన రాస్ జవాబు సూటిగా ఉంది. నిలువ నీరు తీసేయండి, గుంటలు పూడ్చండి, దోమ పిల్లలను చంపండి. ఈజిప్టులో సూయజ్ కాలువ ఒడ్డున ఉన్న ఇస్మాయిలియా పట్టణంలో 1902 నుంచి అలా చేశారు. ఏటా 2 వేల వరకు ఉన్న జ్వరాలు రెండేళ్ళలో వందకు దిగాయి. భారతదేశంలో ప్రభుత్వం లాహోర్ దగ్గరి మియాన్ మీర్ సైనిక శిబిరంలో ఇదే పరీక్ష చేయించింది. కొన్నేళ్ళ తర్వాత ఫలితం లేదని తేల్చారు. నీటి కాలువలున్నచోట దోమలను తగ్గించడం సాధ్యం కాదని, క్వినైన్ పంచడమే దారి అని అధికారుల వాదన. చిన్న స్థలంలో, చాలీచాలని డబ్బుతో, ఉన్న దోమలెన్నో లెక్కపెట్టకుండా చేసిన పరీక్ష ఏం రుజువు చేస్తుందని రాస్ మండిపడ్డాడు. 1909లో సిమ్లాలో జరిగిన మలేరియా సభ నాటికీ ఈ వాదన నడుస్తూనే ఉంది. ఒక విషయం మాత్రం స్పష్టం. గుంటలు పూడ్చడం కంటే బిళ్ళలు పంచడం ఖజానాకు చవక.

ఈ వాదనే రాస్ చేత ఆయన జీవితంలోని మరో గొప్ప పని చేయించింది. చిన్ననాటి లెక్కల పిచ్చి అప్పుడు అక్కరకొచ్చింది. మారిషస్ దీవిలో మలేరియాను పరిశీలించి 1908లో ఇచ్చిన నివేదికలో, తర్వాత 1910లో వెలువరించిన గ్రంథంలో, ఆయన జ్వరం వ్యాప్తిని సమీకరణాలుగా రాశాడు. ఒక ఊరిలో ఎంతమంది రోగులు, మనిషికి ఎన్ని దోమలు, వాటిలో ఎన్ని తగినన్ని రోజులు బ్రతుకుతాయి? లెక్క వేస్తే తేలిందేమిటంటే, ఆఖరి దోమ వరకు చంపనక్కర లేదు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జ్వరం తనంత తానే చల్లారుతుంది. అప్పటి వైద్యులకు ఈ లెక్కలు అర్థం కాలేదు, పట్టించుకోలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందన్న లెక్కను మనం రోజూ వార్తల్లో విన్నాం. ఆ లెక్కల వంశవృక్షంలో పైకి వెళితే కనిపించేది రాసే.

చివరి సంవత్సరాలు

1911లో సర్ బిరుదు వచ్చింది. అయినా మనసు కుదుటపడలేదు. మశూచి టీకా కనుగొన్న జెన్నర్‌కు బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10 వేలు, 1807లో 20 వేల పౌండ్లు ఇచ్చిందని, తనకూ అలాగే ఇవ్వాలని రాస్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. తిరస్కరించారు. ఆయన అడిగిన తీరు పలువురికి ఎబ్బెట్టుగా తోచింది. కాని ఆ అడగడంలో ఒక న్యాయం లేకపోలేదు. రోగిని పరీక్షించే డాక్టరుకు ఫీజు ముడుతుంది. లక్షల మంది రోగులే కాకుండా చేసినవాడికి ఏం ముడుతుంది? అదే ప్రశ్న హుసేన్ ఖాన్ వేయలేదు. వేసే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభంలోనే, 1914 ఆగస్టులో, పెద్ద కుమారుడు ఫ్రాన్సులో మరణించాడు. ఆ యుద్ధ కాలంలో రాస్ సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశాడు. 1923లో ఆత్మకథ వెలువరించాడు. 1926లో లండన్‌లో ఆయన పేరుతో పరిశోధన సంస్థ, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. 1927 జనవరిలో కలకత్తా వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి దగ్గర కట్టిన స్మారక ద్వారాన్ని చూసుకున్నాడు. అదే ఏడాది పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడాది, ఎన్నో ఏళ్ళుగా భద్రంగా దాచుకున్న తన ఉత్తరాలను, పరిశోధన కాగితాలను 2 వేల పౌండ్లకు అమ్ముకున్నాడు. 1931లో భార్య, 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశారు. తన పేరు పెట్టిన ఆ ఆసుపత్రిలోనే తుది శ్వాస విడిచాడు.

సికింద్రాబాద్‌లో తెలిసిన నిజం మన అడవి పల్లెలకు చేరడానికి అర్ధ శతాబ్దం పైగా పట్టింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వస్తోందని, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డి.డి.టి. పంపులు వీపున వేసుకున్న మనుషులు ఊరూరా ఇళ్ళ లోపలి గోడల మీద మందు కొట్టారు. గోడల మీదే ఎందుకు? రక్తం తాగిన అనాఫిలిస్ బరువెక్కి గోడ మీద వాలి సేద తీరుతుంది కనుక. బేగంపేటలో ఆ పేరు తెలియని సహాయకుడు వేలు పెట్టి చూపించింది గోడ మీది దోమనే కదా! 1960ల మధ్యకు దేశంలో రోగుల సంఖ్య లక్షకు పడిపోయింది. మలేరియా పోయిందనుకుని అలసత్వం చూపారు, దోమలు మందుకు అలవాటుపడ్డాయి. 1976లో 64 లక్షల మందికి మళ్ళీ సోకింది.

అడవిలో లెక్క మరీ కష్టం. మైదానపు అనాఫిలిస్ వేరు, కొండవాగుల అనాఫిలిస్ వేరు. నిదానంగా పారే వాగు నీటిలోనే అది పెరుగుతుంది, వాగును పూడ్చలేం. కోయ గూడేల్లో గోడలను మట్టితో, పేడతో మళ్ళీ అలుకుతారు. మందు ఆ పూత కింద పడిపోతుంది. తప్పెవరిదని అడగడం కంటే, అలికే వేళ తెలుసుకుని మందు కొట్టే వేళ మార్చుకోవడం మేలు. మందు పట్టించిన దోమతెరలు వచ్చాక, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేసే ఆశా కార్యకర్తలు ఊళ్ళోనే ఉన్నాక, పరిస్థితి చాలా మెరుగుపడింది. మరోవైపు ప్రపంచం మొత్తం మీద 2023లోనూ మలేరియా వల్ల సుమారు 6 లక్షల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికా ఖండపు పసిపిల్లలు.

హైదరాబాద్ వెళ్ళే పాఠకులు వీలైతే బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గరున్న ఆ భవనాన్ని చూసి రావచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది, రాస్ పేరుతోనే ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి కూడా ప్రభుత్వం సర్ రొనాల్డ్ రాస్ పేరే పెట్టింది. బోర్డు మీద ఆ పేరు ఉంటుంది. ఆటో ఎక్కినవారు మాత్రం కోరంటి దవాఖానా అనే అడుగుతారు.